మూసలో తెగిపడిన మినార్లు

చార్మినార్ అన్న పేరులో ఉన్నవి రెండే మాటలు. చార్ అంటే నాలుగు. మినార్ అంటే ఏమిటో హైదరాబాదులో పుట్టిన పసివాడికి కూడా వేలు చూపించి చెప్పవచ్చు. అయితే కొన్నేళ్ళుగా నగర చరిత్ర గురించీ, వారసత్వ కట్టడాల గురించీ, పాతబస్తీ అభివృద్ధి గురించీ జరిగే సభలలో తెర మీద నాకు కనిపిస్తున్న చార్మినార్‌కు మినార్లు ఉండడం లేదు. కమాను పైభాగం ఉంటుంది. దాని మీద గడియారం ఉంటుంది. ఇంకొంచెం పైన వరుసగా చిన్న కమానులు కనిపిస్తాయి. అక్కడితో తెర అయిపోతుంది. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించిన కట్టడంలో నుంచి, 1889లో తగిలించిన గడియారాన్ని భద్రంగా మిగిల్చి, ఆ కట్టడానికి పేరు తెచ్చిన నాలుగు శిరస్సులనూ ఖండించారన్నమాట. ఎవరు ఖండించారని అడిగితే జవాబు ఒక్కటే వస్తుంది: "ఎవరూ కాదండీ, టెంప్లేటు అదే అలా తీసుకుంటుంది."

ఈ "అదే అలా తీసుకుంటుంది" అన్న మాట మీదనే నా తగాదా.

టెంప్లేటుకు తెలుగులో మూస అన్న మంచి మాట ఉంది. కంసాలి లోహాన్ని కరిగించి పోసేది మూసలోనే. కరిగిన లోహానికి తనదంటూ ఒక ఆకారం లేదు గనుక మూస ఆకారాన్ని తెచ్చుకుంటుంది. అందులో లోహానికి జరిగే నష్టం ఏమీ లేదు. ఫోటో కరిగిన లోహం కాదు. దానికి ఒక ఎత్తు, ఒక వెడల్పు, నాలుగు అంచులు, ఆ అంచుల లోపల ఎవరో కొందరు మనుషులు ముందే ఉన్నారు. దాన్ని మూసలో పోయడం కుదరదు. పోయాలని పట్టుబడితే మూసకు పట్టనిదాన్ని నరకవలసి వస్తుంది. మన ప్రదర్శనలలో నిత్యం జరుగుతున్నది ఇదే.

యంత్రం లోపల జరిగేదేమిటో కొంచెం వివరంగా చెబుతాను. పవర్‌పాయింటు 1987లో మెకింటాష్ కోసం వెలువడి, అదే ఏడాది మైక్రోసాఫ్టు చేతికి వచ్చింది. దానిలో ప్రతి స్లయిడుకూ వెనక ఒక అమరిక ఉంటుంది. ఆ అమరికలో ఖాళీ గళ్ళు ఉంటాయి. వాటినే ప్లేస్‌హోల్డర్లు అంటారు. బొమ్మ పెట్టదగిన గళ్ళు ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి ఏదైనా పెట్టుకోదగిన మామూలు గడి: అక్షరాలు, పట్టికలు, బొమ్మలు అన్నీ అందులో పడతాయి. దానిలో ఫోటో పెడితే యంత్రం ఫోటోను గడిలో ఇమిడేదాకా తగ్గిస్తుంది. పక్కన ఖాళీ మిగిలితే మిగలనిస్తుంది. రెండోది ప్రత్యేకించి బొమ్మ కోసమే చేసిన గడి. దీని స్వభావం వేరు. ఇది ఖాళీని సహించదు. గడి పూర్తిగా నిండేదాకా ఫోటోను పెంచి, పొంగిపోయినదాన్ని రెండు వైపులా సరిసమానంగా కోసివేస్తుంది. ఫోటోలో ముఖ్యమైనది ఎక్కడ ఉన్నదో దానికి తెలియదు, అడగదు. నడిమధ్యను ఉంచుతుంది, అంచులను తీసేస్తుంది. ఏ సంస్థ ఇచ్చే మూసను తెరిచి చూసినా అందంగా కనిపించే అమరికలలో ఈ రెండో రకం గళ్ళే ఎక్కువ.

ఇక లెక్క చూద్దాం. చేతి ఫోను నిలువుగా పట్టుకుని తీసిన ఫోటో సాధారణంగా మూడుకు నాలుగు పాళ్ళలో ఉంటుంది. 2010 కూర్పు దాకా పవర్‌పాయింటులో కొత్త స్లయిడు పది అంగుళాల వెడల్పు, ఏడున్నర అంగుళాల ఎత్తు. 2013 కూర్పు నుంచి వెడల్పు పదమూడు అంగుళాలు దాటింది, ఎత్తు మాత్రం ఆ ఏడున్నరే. నిలువు ఫోటోను తెరంతా పరుచుకున్న బొమ్మ గడిలో పెడితే, పాత తెర మీద ఫోటోలో 56 శాతం మిగిలేది. ఇప్పటి తెర మీద మిగిలేది 42 శాతం. పైనుంచి 29 శాతం, కిందినుంచి 29 శాతం మాయం. చార్మినార్ ఎత్తు దాని వెడల్పుకు రెండింతలకు మించి ఉంటుంది గనుక ఎవరైనా దాన్ని నిలువుగానే తీస్తారు. పైనుంచి ఆ 29 శాతం తీసేస్తే పోయేవి మినార్ల పైభాగాలు, వాటి గుమ్మటాలు. కిందినుంచి తీసేస్తే పోయేవి కమాను కింద నడిచే మనుషులు, తోపుడు బళ్ళు, పండ్ల వాళ్ళు. ఆకాశమూ పోయింది, నేలా పోయింది. మిగిలింది గడియారం. వేళ తెలుస్తుంది, చోటు మాత్రం తెలియదు.

అడ్డంగా ఉన్నవాటి గతి కూడా ఇంతే. మూసీ మీద 1578 నాటి పురానాపూల్‌కు ఇరవైకి పైగా కమానులు ఉన్నాయి. వెడల్పు ఎత్తుకు రెండింతలు ఉన్న ఫోటోను చతురస్రపు గడిలో పడేస్తే ఎడమ నుంచి పావువంతు, కుడి నుంచి పావువంతు పోతాయి. మధ్యలో కొన్ని కమానులు గాలిలో వేలాడుతూ నిలుస్తాయి. రెండు ఒడ్డులనూ కోసేశాక ఆ వంతెన దేన్ని దేనితో కలుపుతున్నట్టు?

తెలుగు వ్యాకరణం చెప్పే ఉపాధ్యాయుణ్ణి గనుక నాకు ఇందులో వ్యాకరణ దోషం ఒకటి కనిపిస్తుంది. "కత్తిరించబడింది" అన్న ప్రయోగం మన వాడుకలో అంత సహజం కాదు. మన నుడికారంలో ఎవరు చేశారో చెప్పడమే ఆనవాయితీ. చెప్పనక్కరలేనప్పుడు "తెగింది" అంటాం. తెగడానికి తాడు పాతదై ఉండాలి, కోయడానికి చేతిలో కత్తి ఉండాలి. ఈ రెండింటి మధ్య తేడా మన భాషకు బాగా తెలుసు. స్లయిడు మీది ఫోటో తెగలేదు. దాన్ని కోశారు. కోసిన క్రియకు కర్త లేకుండా చేయడమే ఈ మూసల ఘనత. ఫోటో తీసినవాడు కోయలేదు, స్లయిడు చేసినవాడు కోయలేదు, మూస గీసినవాడు ఏ ఫోటోనూ చూడనే లేదు. ముగ్గురూ నిర్దోషులే. మినార్లకు మాత్రం తలలు లేవు.

దీనికి ఒక ఎదురు ప్రశ్న ఉంది, న్యాయమైనదే. "ఫోటో తీయడమే కత్తిరింపు కదా? కెమెరా కూడా లోకంలో నుంచి ఒక ముక్కను కోసుకుని మిగతాది వదిలేస్తుంది కదా?" నిజమే. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో ఛాయాచిత్రకారుడిగా ఉండి, రాజా ముసవ్విర్ జంగ్ అన్న బిరుదు పొందిన లాలా దీన్‌దయాళ్‌ను తలుచుకోండి. ఆనాటి పెద్ద కెమెరాలో వెనక గరుకు గాజు మీద దృశ్యం తలకిందులుగా పడుతుంది. నల్ల గుడ్డ కింద తలదూర్చి, తలకిందులైన దర్బారును చూస్తూ, ఎవరు అంచు లోపల ఉండాలి, ఎవరు బయట ఉండాలి అన్నది ఆయన నిర్ణయించాలి. ఒక్కో గాజు పలకకూ అయ్యే ఖర్చు, శ్రమ తక్కువవి కావు. కాబట్టి అంచు ఎక్కడ పడాలన్నది తీరిక చూసుకుని తేల్చిన విషయం. ఆయన స్టూడియో గాజు పలకలు 2,857 ఇవాళ ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నాయి. 1989లో ఆ కుటుంబం నుంచి కొన్నారు. ఆ పలకలకు అంత విలువ ఎందుకొచ్చింది? బొమ్మ మధ్యలో ఉన్న నవాబు ఎలా ఉండేవాడో చూడడానికే అయితే నవాబుల చిత్రపటాలు వేరే దొరుకుతాయి. ఆ నవాబు వెనక గొడుగు పట్టుకున్నవాడు, గుర్రం కళ్ళెం పట్టుకున్నవాడు, గోడ మీది గిలాబు, నేల మీది తివాచీ, ఇవన్నీ అంచుల్లోనే ఉన్నాయి. చరిత్రకారుడు ముందు వెతికేది ఆ అంచులనే.

దీన్‌దయాళ్ కూడా కోశాడు. కాని ఆయన నిలబడి, చూసి కోశాడు. కోసినదాని కింద తన పేరు పెట్టుకున్నాడు. నేను కోరుతున్నది అంతే. కత్తిరింపు పాపమని నేను అనడం లేదు. కర్త లేని కత్తిరింపు పాపమంటున్నాను.

మా సాలార్‌జంగ్ మ్యూజియంలో ఒక కొయ్య శిల్పం ఉంది. అది చూడనివాళ్ళు మ్యూజియం చూసినట్టే కాదని మావాళ్ళు అంటారు. ఒకే మానులో చెక్కినది. ముందు నిలబడి చూస్తే పొగరుగా రొమ్ము విరుచుకున్న మెఫిస్టోఫిలిస్. వెనక ఉన్న అద్దంలో చూస్తే తల వంచుకున్న మార్గరెట్టా. ఆ అద్దం లేకపోతే శిల్పంలో సగం లేదు. ఫోటో తీసేవాడు శిల్పాన్నీ అద్దాన్నీ కలిపి ఒక చట్రంలోకి తేవడానికి పక్కకు జరిగి, వంగి, నానా తంటాలు పడతాడు. అంత కష్టపడి తీసిన ఫోటోను సన్నటి నిలువు గడిలో పెట్టి చూడండి. ఏ ఒక్కరో మిగులుతారు. ఒక్కోసారి ఇద్దరి మధ్యనున్న ఖాళీ మిగులుతుంది! రెండు ముఖాల వస్తువుకు ఒక ముఖాన్ని కోసేసి, అదే వస్తువని సభకు చూపించడం అబద్ధం కాకపోతే ఏమిటి?

రాళ్ళకూ కొయ్యలకూ జరిగే అన్యాయం కోసం ఇంత ఆవేశం ఎందుకని మిత్రులు అడగవచ్చు. ఇక మనుషుల సంగతి చెబుతాను.

గ్రూపు ఫోటోలో ఎవరు ఎక్కడ ఉంటారో మనందరికీ తెలుసు. మధ్యలో కుర్చీల మీద పెద్దలు కూర్చుంటారు. వారికి అటూ ఇటూ హోదా తగ్గుతూ పోతుంది. చిట్టచివర, చోటు దొరికితే, అటెండరు, ఆయమ్మ, వాచ్‌మన్, తోటమాలి నిలబడతారు. "మీరూ రండి" అని ఎవరో పిలిస్తే చెంగుతో మొహం తుడుచుకుంటూ వచ్చి అంచున చేరినవాళ్ళు వారు. మూడుకు రెండు పాళ్ళలో ఉన్న ఫోటోను చతురస్రపు గడిలో పెడితే ఇటు ఆరోవంతు, అటు ఆరోవంతు పోతాయి. పన్నెండుమంది నిలుచున్న వరుసలో ఈ చివర ఇద్దరు, ఆ చివర ఇద్దరు. ఒక విద్యాసంస్థ వార్షికోత్సవంలో నేను చూసిన స్లయిడులో ముప్పై ఏళ్ళు ఆ గదులు ఊడ్చిన మనిషి కుడిచెయ్యి మాత్రం కనిపించింది. మోచేతి దాకా, గాజులతో సహా. ఆమె వెనక వరుసలో కూర్చుని తన ఫోటో కోసం చూస్తున్నది. యంత్రానికి కులం తెలియదు, హోదా తెలియదు, అది మధ్యను మాత్రమే ఎంచుకుంటుంది అంటారు. కాని మధ్యలో ఎవరిని కూర్చోబెట్టాలో మనం ముందే నిర్ణయించేశాం. మన పక్షపాతాన్ని యంత్రం నిష్పక్షపాతంగా అమలు చేస్తుంది.

ఇంకొకటి. మా విద్యార్థులలో చాలామందికి ఇంటి భాష ఉర్దూ. తెలుగు రెండో భాషగా చదువుతారు. "మా ఇంటి పని" అన్న అంశం మీద స్లయిడులు చేసి తెలుగులో వివరించమని ఒకసారి పని ఇచ్చాను. ఒక అమ్మాయి వాళ్ళది లాడ్‌బజార్‌కు లక్క గాజులు చేసి ఇచ్చే ఇల్లు. బొగ్గుల కుంపటి ముందు అమ్మమ్మ, సెగ మీద మెత్తబడే లక్క, పక్కన పళ్ళెంలో అతికించవలసిన మెరుపు రాళ్ళు, ఇటు చివర తయారైన గాజుల వరుస. మంచి ఫోటో తీసింది. ఒక పోటీకి పంపడానికి నిర్వాహకులు ఇచ్చిన మూస తప్పనిసరి. అందులో బొమ్మకు గుండ్రటి గడి ఉంది. ఫోటో పెట్టగానే గాజులు తళతళలాడుతూ వచ్చాయి.

"సార్, మా నానీ కనబడుతలేదు" అంది.

"మూసలో పట్టలేదమ్మా" అన్నాడు పక్కనున్న మా సహోపాధ్యాయుడు. "గాజులు వచ్చినయి కదా, టాపిక్ గాజులే కదా!"

"గాజులు నానీ చేసింది సార్" అంది ఆ పిల్ల. వాక్యంలో వ్యాకరణం కొంచెం తప్పి ఉండవచ్చు. కాని కర్తను వదలలేదు. ఆ రోజు ఆ గదిలో నాకు వినిపించిన సరైన తెలుగు వాక్యం అదొక్కటే.

హైదరాబాదు లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపు గాజు మీది రాళ్ళకు వచ్చినది కాదు. ఒక చోట, కొన్ని చేతుల్లో తరతరాలుగా నిలిచిన పనితనానికి వచ్చింది. ఆ చేతులను కోసేసి గాజును చూపించే స్లయిడు, ఆ గుర్తింపునే వెక్కిరిస్తున్నది.

మూసీ విషయానికి వస్తే ఈ మాట ఇంకా బరువెక్కుతుంది. 1908 సెప్టెంబరు 28న నది పొంగి వేలమందిని పొట్టన పెట్టుకుంది. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారని నగరం ఇప్పటికీ చెప్పుకుంటుంది. వరదల మీద, నది మీద మాట్లాడేవాళ్ళు ఆ చెట్టు ఫోటో చూపించడం రివాజు. అడ్డపు గడిలో పెడితే మిగిలేది మాను, దాని చుట్టూ గట్టు. కొమ్మలు లేని చింతచెట్టు మీద ఆ నూటయాభై మందీ ఎక్కడ కూర్చోవాలి? 2024లో అదే నది ఒడ్డున ఇళ్ళ గోడల మీద ఎర్ర రంగుతో ఆర్‌బీ-ఎక్స్ అని గుర్తులు వేశారు. నది బాగుపడాలా వద్దా, ఇళ్ళు ఉండాలా పోవాలా అన్నది వేరే చర్చ. అది ఇక్కడ తేలేది కాదు. కాని ఆ చర్చ జరిగే ప్రతి గదిలోనూ తెర ఉంటుంది, తెర మీద నది ఫోటో ఉంటుంది. నది ఎప్పుడూ ఫోటో మధ్యలో పారుతుంది. ఇళ్ళు ఎప్పుడూ అంచునే ఉంటాయి. నిర్ణయించవలసినవాడు నదిని మాత్రమే చూసి, ఒడ్డును చూడకుండా లేచిపోతే, ఆ తప్పు మూసదని సరిపెట్టుకుందామా?

ఇక నాకు ఎదురయ్యే వాదాలకు జవాబు చెబుతాను.

మొదటి వాదం అందం. "పక్కన ఖాళీ పట్టీలు వదిలితే వికారంగా ఉంటుంది" అంటారు. ఖాళీ వికారమని ఎవరు చెప్పారు? మా ఛత్తాబజార్‌లో పెళ్ళి పత్రికలు రాసే ఖుష్‌నవీసును అడగండి. అక్షరం చుట్టూ ఎంత ఖాళీ వదలాలో తెలియనివాడికి కలం పట్టుకునే అర్హత లేదంటాడు. అలిఫ్ పైకి లేవడానికి చోటు కావాలి. చోటు చాలలేదని అలిఫ్ తల కోసేవాడిని ఏ ఉస్తాదూ శిష్యుడిగా ఉంచుకోడు. నిలువు బొమ్మకు అటూ ఇటూ ఖాళీ మిగిలితే, ఆ ఖాళీలో నాలుగు మాటలు రాసుకోవచ్చు: ఎవరు తీశారు, ఎప్పుడు తీశారు, ఎక్కడ తీశారు. మన స్లయిడులలో లేనిదే అది.

రెండో వాదం వేగం. "వంద స్లయిడులు చేయాలి, ఒక్కో ఫోటోనూ చూస్తూ కూర్చుంటే తెల్లారుతుంది" అంటారు. చేసినవాడే ఒకసారి తీరిగ్గా చూడలేని ఫోటోను సభలోని రెండువందల మంది ఎందుకు చూడాలి? వందను ఇరవై చేయండి.

మూడో వాదం కొంచెం తెలివైనది. "అసలు ఫోటో ఎక్కడికీ పోదు, ఫైలులో మొత్తం ఉంటుంది, కనబడకుండా దాచడమే" అంటారు. ఇది నిజం. 2007 తరవాతి పవర్‌పాయింటు ఫైలు నిజానికి ఒక జిప్ మూట. విప్పి చూస్తే మీడియా అన్న అరలో మీ ఫోటో తలతో సహా క్షేమంగా ఉంటుంది. ఎంత కోయాలో అంకెల రూపంలో వేరుగా రాసి ఉంటుంది. ఇందాకటి నిలువు ఫోటోకైతే పైన 28906, కింద 28906. శాతంలో వెయ్యో వంతుల లెక్క. కాని సభలో కూర్చున్నవాడు మూట విప్పి చూడడు, తెర చూస్తాడు. పైగా ఈ వాదం రెండు వైపులా కోసే కత్తి. చూపించాలనుకున్న అమ్మమ్మ కనబడదు సరే. దాచాలనుకుని కోసిన ఫోను నెంబరు, పక్కింటి పిల్ల ముఖం ఆ ఫైలులో అలాగే ఉంటాయి. ఫైలు అందుకున్నవాడెవడైనా కోతను వెనక్కి లాగి చూడవచ్చు. దాచినవి పూర్తిగా పోవాలంటే కంప్రెస్ పిక్చర్స్ అన్నచోట కోసిన భాగాలను తొలగించమని ప్రత్యేకంగా చెప్పాలి. అది చేశాక మళ్ళీ తిరిగిరావు. కాబట్టి ఆ మీట నొక్కేముందు అసలు ఫోటోను వేరే చోట భద్రపరచుకోవాలి. చూపవలసినదాన్ని దాచి, దాచవలసినదాన్ని మోసుకుతిరిగే ఏర్పాటును సమర్థించడానికి నాకు మాటలు దొరకవు.

ఇంకొందరు కోయడం ఎందుకని ఫోటోను సాగదీస్తారు. పక్క అంచు పట్టుకుని లాగితే చార్మినార్ బొద్దుగా తయారవుతుంది, నిజాము నవాబుకు మరో మణుగు బరువు పెరుగుతుంది. కోతకు మందు సాగతీత కాదు. లాగవలసి వస్తే మూలను పట్టుకుని లాగండి, పాళ్ళు చెడవు.

మరి చేయవలసిందేమిటి? పెద్ద విద్య కాదు. గడిలో పడిన ఫోటో మీద నొక్కండి. పైన పిక్చర్ ఫార్మాట్ అన్న వరుసలో క్రాప్ అన్న మీట ఉంటుంది. దాని కింది చిన్న బాణం నొక్కితే ఫిల్, ఫిట్ అన్న రెండు మాటలు కనిపిస్తాయి. ఫిల్ అంటే గడిని నింపడం, ఫిట్ అంటే బొమ్మను ఇమడ్చడం. ఫిట్ నొక్కండి. మినార్లు లేచి నిలబడతాయి. 2010 కూర్పు నుంచి ఈ సదుపాయం ఉంది; ఇన్నేళ్ళుగా మన కోసం కాచుకుని కూర్చుంది. ఎక్కువ ఖాళీ మిగులుతున్నదనుకుంటే, క్రాప్ తెరిచి ఉన్నంతసేపు కోతకు గురైన భాగం నీడలాగా కనిపిస్తుంది. ఆ నీడలో ఎవరున్నారో చూసి, బొమ్మను పట్టుకుని జరిపి, ఏది పోవాలో మీరే నిర్ణయించండి. అప్పుడు ఆ కోతకు కర్త మీరు. సంస్థల కోసం మూసలు గీసేవారికి నా మనవి వేరు. మీ మూసలో నిలువు బొమ్మకొక అమరిక, అడ్డపు బొమ్మకొక అమరిక పెట్టండి. బొమ్మ గడికి బదులు మామూలు గడి వాడితే ఇంకా మంచిది. అది ఎవరి తలా తీయదు. తప్పనిసరి మూసలు విధించే నిర్వాహకులు ఆ తప్పనిసరిని రంగులకూ అక్షరాలకూ పరిమితం చేసి, మనుషుల జోలికి రాకుండా చూడాలి.

మా వైపు గల్లీలలో ఫోటోలకు ఫ్రేములు కట్టే దుకాణాలు ఇంకా ఉన్నాయి. మీరు ఫోటో తీసుకువెళితే ఆయన చేసే మొదటి పని స్కేలు తీసి ఫోటోను కొలవడం. తరవాత పట్టీ కోస్తాడు, అద్దం కోస్తాడు, వెనక అట్ట కోస్తాడు. అంగడిలో కత్తి, రంపం, వజ్రపు కలం అన్నీ ఉంటాయి. వాటిలో ఏదీ ఫోటోను తాకదు. ఫ్రేము చిన్నదైందని ఫోటోలో తాతగారి చెవి కోసే పనివాడి దగ్గరకు మీరు మళ్ళీ వెళతారా? ఆ పనివాడికి ఉన్న ఇంగితం లక్షల ఖర్చుతో తయారైన మూసలకు లేకపోవడం, లేదని మనకు తోచకపోవడం, తోచినా "అదే అలా తీసుకుంటుంది" అని ఊరుకోవడం, ఇదే నన్ను బాధిస్తున్నది.

యంత్రం ఏమీ తీసుకోదు. మనం ఇస్తున్నాం. ఇచ్చేముందు అంచుల్లో ఎవరున్నారో ఒక్కసారి చూడండి. పాతబస్తీ అంతా నగరానికి అంచునే ఉంది గనుక ఈ మాట ఇక్కడి నుంచే చెప్పవలసి వస్తున్నది.